రెండో గొంతు

పోయినవారం మనం ఇస్రాయేలు సారును స్టేజీ మీద, చేతిలో మైకుతో, నోట మాట రాని ఘడియలో వదిలిపెట్టి వచ్చేశాం. పెద్దమనిషిని అలా వదిలి రావడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆ ముఖం చూస్తూ ఇంకో పేజీ రాయడం నావల్ల కాలేదు.

కొత్తగా చేరినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఇస్రాయేలు సారు మహబూబ్‌నగర్‌లో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. పాలమూరు చుట్టుపక్కల ఏ చర్చిలో ఇంగ్లీషు ప్రసంగం జరిగినా పక్కన నిలబడి తెలుగులో చెప్పేది ఆయనే. నలభై ఏళ్లుగా అదే పని. మొదటి గొంతులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పోతుంటాయి, రెండో గొంతు మాత్రం ఎప్పుడూ ఒక్కటే. అందుకే ఆయనకు ఆ పేరు పడింది. ఆ పేరంటే ఆయనకు ఎంత ఇష్టమో, పైకి మాత్రం ఏమీ పట్టనట్టు ఉంటాడు.

పోయిన ఆదివారం కేరళ నుంచి వచ్చిన ప్రసంగీకుడు తన తల్లి గురించి ఒక పొడుగాటి వాక్యం చెప్పాడు. ఆమె బట్టలు కుట్టేదట. వాడకట్టు మొత్తానికీ జాకెట్లు కుట్టి కుట్టి, పండుగనాడు తన జాకెట్టు తొడుక్కోబోతే దానికి ఒక చెయ్యే లేదట. ఇంగ్లీషు వచ్చిన నాలుగు బెంచీలు నవ్వాయి. ఇస్రాయేలు సారు తెలుగులో చెప్పబోయాడు. తల్లి అన్న మాట తప్ప మిగతాదంతా మాయమైపోయింది. కాసేపు అలాగే నిలబడి, చివరికి తనకు కంఠతా వచ్చిన పాత మాటలే అందుకున్నాడు. కన్నతల్లి కడుపు కట్టుకొని పిల్లల్ని సాకుతుందనీ, తాను పస్తుండి మనకు పెడుతుందనీ ధారగా చెప్పుకుపోయాడు. ముసలమ్మలు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. తన జోకుకు జనం ఎందుకు ఏడుస్తున్నారో అర్థంకాక ప్రసంగీకుడు గ్లాసెడు నీళ్లు తాగాడు.

ఆ సంగతి పట్టుకున్నది ఒక్క స్వర్ణ. ఇస్రాయేలు సారు కోడలు, కొడుకు సునీల్ భార్య. దవాఖానలో చదువులో వెనకబడిన చిన్నపిల్లల చేత ఆటలాడించి, వాళ్లకు ఏది ఎందుకు తలకెక్కడం లేదో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. పిల్లల ముఖాలు చదివే మనిషికి మామ ముఖం చదవడం ఒక లెక్కా?

వచ్చే గురువారం నుంచి మూడు రోజుల సభలు. పాలమూరు పల్లెలన్నీ కదిలి వస్తాయి. కరపత్రంలో తర్జుమా అన్న చోట ఇస్రాయేలు సారు పేరు అచ్చయింది. అంత జనం ముందు మాట మళ్లీ జారితే ఆయన ఇక స్టేజీ ఎక్కడు. ఎక్కకపోతే ఆ మనిషి ఏమైపోతాడో స్వర్ణకు ఊహకందడం లేదు. అందుకే శనివారం సగం రోజు సెలవు పెట్టి, రెండు మాటలు మామతో తేల్చుకోవాలని ఇంటికొచ్చింది.

ఇస్రాయేలు సారు వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన భార్య బిక్షమ్మ కింద పీట వేసుకుని పల్లికాయ ఒలుస్తోంది. పక్కన పల్లికాయ బస్తా, ఒడిలో చాట. స్వర్ణ మామకు ఎడమ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, తానూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంది.

“మామయ్యా, మొన్న ఆదివారం ఆ కేరళ ఆయన వాళ్లమ్మ గురించి ఏం చెప్పిండో యాదికుందా?”

“మంచి మాటలు చెప్పిండు.”

“ఏం మాటలు?”

సారు పేపరు దించలేదు. “నీకు ఇంగ్లీషు వస్తది గదా. నువ్వు గూడ ఆడనే ఉంటివి. మల్ల నన్నెందుకు అడుగుతున్నవ్?”

“నేను విన్న మామయ్యా. విన్న కాబట్టే అడుగుతున్న.”

సారు పేపరు పేజీ తిప్పాడు. బిక్షమ్మ తలెత్తి ఇద్దర్నీ చూసింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె భర్తను “మా సారు” అనే అంటుంది. ఊరంతా అలాగే అంటుంటే తాను మాత్రం వేరే ఎందుకు అనాలని ఆమె వాదన.

“ఏంది స్వర్ణా, మా సారు ఏమన్న తప్పు చెప్పిండా? నేనైతే ఆ మాటలకు ఏడ్చిన.”

“ఆయన నవ్వించనీకె చెప్పిండు అత్తమ్మా.” స్వర్ణ ఆ జాకెట్టు కథ మొత్తం చెప్పింది.

బిక్షమ్మ విన్నది. ఒక చెయ్యి లేని జాకెట్టును కాసేపు మనసులో తొడిగి చూసుకున్నట్టుంది. మొదట పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత ఒడిలో చాట కూడా ఊగింది. “నవ్వేదానికా నేను గట్ల ఏడ్చింది” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వులో ఏ పాపమూ లేదు. కానీ ఇస్రాయేలు సారు లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి వెళ్లి, జామచెట్టు దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. బిక్షమ్మ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

తిరిగి వచ్చేసరికి ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. “ఎన్ని దినాల సంది చూస్తున్నవ్ బిడ్డా?”

“ఎండకాలం సంది.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“మీరు దాస్తున్నరని తెలిసినంక ఎట్ల అడగాలె మామయ్యా?”

సారు కుర్చీలో కూర్చుని అరచేతులు చూసుకున్నాడు. ఇంగ్లీషు మాస్టారు కదా, ఏది చెప్పినా మొదలు నుంచి చివరిదాకా వరసగా చెప్పడం అలవాటు. ఇప్పుడు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. “మా నాయిన సంగతి మీ అత్తకు తెలుసు. ఆఖరి దినాలల్ల నేను అన్నం పెట్టవోతే, నువ్వు ఎవ్వరి పిల్లగానివిరా అని అడిగిండు. నా చేతుల ముద్ద నా చేతులనే ఉండె. గదే రోగం నాకొచ్చింది. స్టేజీ మీద అవుతలాయన మాట సగం దాటంగనే మొదటి సగం పోతాంది. పట్టుకుందామంటే దొరుకుతలేదు.” గొంతు తగ్గించి అన్నాడు. “పొద్దున్నే లేచి మంచంలనే నా పాత పిల్లల పేర్లు చెప్పుకుంటున్న. ఎవరెవరు ఏ బెంచీల కూసుండేదో గూడ. అన్నీ వస్తయ్. ఒక్కటి పోలే. మల్ల గప్పుడే చెప్పిన మాట ఎటు పోతాంది స్వర్ణా? గదే నాకు సమజైతలేదు.”

బిక్షమ్మకు మామగారి రోగం సంగతి తప్ప మిగతావేవీ తెలియవు. ఒకే మంచం మీద పడుకునే మనిషి ఇన్నాళ్లూ తెల్లవారుజామున పెదవులు కదుపుతుంటే ప్రార్థన చేస్తున్నాడనుకుంది. ఆమె పీట మీద నుంచి లేవకుండానే చెయ్యి చాచి భర్త పాదం పట్టుకుంది.

స్వర్ణకు ఏడుపొచ్చింది. దాన్ని మింగేసి, దవాఖానలో పిల్లలతో మాట్లాడే గొంతు తెచ్చుకుంది. “మామయ్యా, పొద్దున ఏం తిన్నరు?”

“గుడాలు. ఎందుకు?”

“నిన్న ఇంటికి ఎవరొచ్చిన్రు?”

“పక్కింటి హనుమమ్మ. కరివేపాకు కోసమని వచ్చి, ఊరందరి సంగతులు చెప్పి, కరివేపాకు మర్చిపోయి పోయింది.”

“మరి ఇయ్యాలటియి, నిన్నటియి మంచిగనే నిలుస్తున్నయ్ గదా. తాతకు వచ్చిన రోగం సాధారణంగ ముందుగాల వాటినే తింటది. నేను డాక్టర్ను గాను. మీకు ఆ రోగం లేదని ఒట్టు పెట్టను. పెద్ద డాక్టర్‌కు చూపించుకుందాం. గని నాకు కనబడేది మాత్రం వేరే ఉంది. మా పిల్లలతోని ఆడే ఆట ఒకటి ఆడదామా? నేను ఐదు వస్తువులు చెప్త. మీరు ఎన్క నుంచి ముందటికి చెప్పాలె.”

“నేనేమన్న చిన్నపిల్లగాన్నా?”

“ఆడుండ్రి మామయ్యా, నా కోసం.”

కోడలు అలా అడిగితే కాదనే శక్తి ఇస్రాయేలు సారుకు ఎన్నడూ లేదు. స్వర్ణ కూర్చున్న చోటి నుంచే చెప్పింది. “ఉల్లిగడ్డ, సబ్బు, తాళంచెవి, గొడుగు, కొబ్బరికాయ.”

“కొబ్బరికాయ,” అన్నాడాయన ధైర్యంగా. “గొడుగు…” తర్వాత పైకప్పు వంక చూశాడు. సీలింగు ఫ్యాను తప్ప అక్కడేమీ కనబడలేదు. “ఉల్లిగడ్డ ఉండె. నడుమ ఏందో ఉండె.”

“సరే, అది విడిచిపెట్టుండ్రి. మీ మొదటి పోస్టింగు ఏ ఊరు?”

ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. “మక్తల్ అవుతల చిన్న పల్లె. రేకుల బడి. వాన కొడితే నా మాట నాకే వినబడకపోయేది, గప్పుడు పాఠం బంద్. గుర్వమ్మ అని ఒక పిల్ల ఉండె. స్పెల్లింగు రాకుంటే పలక బోర్లించి ఒళ్ల పెట్టుకునేది. రాలేదని గాదు సారూ, పలక పండుకున్నదనేది.” చెబుతూ చెబుతూ ఆయనే నవ్వాడు. “ఇప్పుడు ఆ పిల్ల బిడ్డ నర్సు.”

స్వర్ణ అత్త ఒడిలో చాటను అందుకుని మామ మోకాళ్ల మీద పెట్టింది. “ఇగో చూడుండ్రి. మన యాది అంటే ఒక్కటే గాదు. గీ బస్తా వేరే, గీ చాట వేరే. గుర్వమ్మ, పలక, మీ వాక్యాలు, మీ గ్రామరు, అన్నీ బస్తాల ఉన్నయ్. బస్తా నిండుగనే ఉంది, ఏడ చినుగలే. గని పని జరిగేది బస్తాల గాదు, చాటల. ఒలిచేది ఈడనే, చెరిగేది ఈడనే. దీంట్ల పట్టేది ఎవరికైనా పిడికెడే. ఒలుస్తున్నంతసేపే ఉంటది, చెయ్యి తీస్తే పోతది.”

“ఫోన్ నంబరు విని నొక్కేదాక గుర్తుండి, నొక్కంగనే మర్చిపోయినట్టు,” అన్నాడు సారు.

“అది ఉత్తగ పట్టుకునుడు మామయ్యా. గదే నంబరును ఎన్కకెళ్లి చెప్పుమంటే? పట్టుకుంటనే తిరగేయాలె. తర్జుమా అంటే గదే. అవుతలాయన చెప్పింది పట్టుకోవాలె, ఒలవాలె, తెలుగుల పెట్టాలె. ఆయన ఆగకుండ ఇంకా పోస్తనే ఉంటడు. దీనంత కష్టమైన పని చాటకు ఇంకోటి లేదు. వయసు మీద పడితే అందరి చాట జర చిన్నగైతది. మీది చిన్నగైనంక గూడ మీరు స్టేజీ మీద ఖాళీగ నిలబడలే. బస్తాల చెయ్యి పెట్టి దొరికింది తీసి పెట్టిన్రు. గందుకే అత్తమ్మ ఏడ్చింది.”

ఇస్రాయేలు సారు చాటలో వేళ్లు పెట్టి పల్లీలను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. తన భయానికి ఒక ఆకారం దొరికింది. అది తాను అనుకున్నంత పెద్దది కాదేమో అన్న ఆశ కూడా లోపల కదిలింది. ఆశ అంటే ఆయనకు భయం కంటే ఎక్కువ భయం.

ఇక్కడ బిక్షమ్మ నోరు విప్పింది. ఆమె చదువు నాలుగో తరగతితోనే ఆగింది గానీ, భర్తను చదవడం మాత్రం ఏనాడూ ఆపలేదు. “చాట సంగతి నాకు తెల్వదు గని, మా సారు టీవీ పెడితే వాడకట్టంత వార్తలు వింటాంది. నేను పొయ్యి కాడికెళ్లి పిలిస్తే పలుకడు. కోపమొచ్చి పలుకతలేడేమో అనుకుంటున్న ఇన్ని దినాలు.”

స్వర్ణ చేతిలో కాయలు జారిపోయాయి. స్టేజీ మీద ప్రసంగీకుడికి కుడి పక్కన నిలబడడం మామకు ఎప్పటి నుంచో అలవాటు. అంటే అవతలి మాట ఆయన ఎడమ చెవికే వస్తుంది. తాను ఇప్పుడు కూర్చున్నదీ ఎడమ పక్కనే. లోపం ఆ చెవిలోనే ఉందేమో. ఆమె లేచి, కుర్చీకి కుడి వైపు వచ్చి కూర్చుంది.

“మామయ్యా, ఇంకొక్కసారి. చీపురు, పాలు, మేకు, దువ్వెన, బెల్లం.”

“బెల్లం,” అన్నాడాయన. “దువ్వెన. మేకు.” కళ్లు మూసుకున్నాడు. బిక్షమ్మ పెదవులు ఆయనతో పాటు కదులుతున్నాయి, పిల్లవాడి చేత అన్నం ముద్ద మింగిస్తున్న తల్లిలాగా. “పాలు… చీపురు.”

బిక్షమ్మ చప్పట్లు కొట్టబోయి ఊరుకుంది.

“ఒక్క ఆటతోని తేల్చేది గాదు,” అంది స్వర్ణ. తన గొంతులో సంతోషాన్ని దాచడం మాత్రం ఆమెకు చేతకాలేదు. “గని మాట సరిగ్గ వినబడకపోతే, అది ఏం మాటో తెలుసుకునుడుకే చాటల సగం జాగా పోతది. ఇంక పట్టుకునేది ఏడ, ఒలిచేది ఏడ? మీ మతి ఎటూ పోతలేదేమో మామయ్యా. చెవికి పరీక్ష చేపిద్దాం. అవసరమైతే మిషన్ పెట్టుకుంటరు.”

ఇప్పుడు చూడండి మగవాళ్ల సంగతి. ఇంతసేపూ తండ్రి రోగం తనకూ వచ్చిందని కుమిలిపోయిన మనిషి, చెవి మిషన్ అనగానే నిటారుగా కూర్చున్నాడు. “చెవుల మిషనా? గంత జనం ముందట? చెవిటి సార్ అంటరు.”

“కండ్లకు అద్దాలు పెట్టుకుంటే గుడ్డి సార్ అన్నరా ఎవరన్న?” అంది బిక్షమ్మ.

“గది వేరే.”

“ఏం వేరే? రెండూ ఆ చెవులకే తగిలిస్తరు గదా.”

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే కళ్లద్దాల కాడ మీదికి పోయింది. కాసేపటికి తనే లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాడు. గురువారానికి మిషన్ రాకపోయినా పర్వాలేదట. ప్రసంగీకుడికి ఎడమ పక్కన నిలబడతాడట. వాక్యం చిన్నగా తుంచి చెప్పమని ముందే మాట్లాడుకుంటాడట. సౌండు బాక్సు కొంచెం జరిపిస్తాడట. “నువ్వు ముందటి బెంచీల కూసో స్వర్ణా. నేను తప్పు చెప్తే చెయ్యి లేపు. సిగ్గేం లేదు. నీ ముందట నాకేం సిగ్గు?” అన్నాడు. బిక్షమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఏదో పాట కూనిరాగం తీసింది. ఆ ఇంట్లో ఆ రాగం వినబడి చాలా రోజులైంది.

స్వర్ణ మామ ముఖం చూసింది. వయసు పదేళ్లు తగ్గినట్టుంది. ఆమె తేల్చుకోవాలని వచ్చింది రెండు మాటలు, చెప్పింది ఒక్కటే. రెండోది ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. కానీ ఆ సంతోషాన్ని చేజేతులా ఎవరు చెరుపుతారు? చాయ్ తాగినంక చెబుదాం అనుకుంది. అన్నీ తెలిసిన మనిషి కూడా ఇలాంటి చోటే తప్పులో కాలేస్తుంది. వరండాలోకే గిన్నె తెచ్చుకుని, రాత్రి రొట్టెలకు జొన్నపిండి తడపడం మొదలుపెట్టింది.

చేతులు పిండిలో ఉండగా ఆమె ఫోన్ మోగింది. ఫోన్ మామ కుర్చీ పక్కన స్టూలు మీద ఉంది. సునీల్ డ్యూటీ దిగి చేస్తున్నాడేమో అనుకుని, “మామయ్యా, జర ఎత్తి స్పీకర్ పెట్టుండ్రి” అంది స్వర్ణ, తల ఎత్తకుండానే.

ఆయన ఎత్తి, స్పీకర్ నొక్కి, కోడలి వైపు చాచి పట్టుకున్నాడు.

“స్వర్ణా, నేను గ్రేసమ్మను.” పాస్టరుగారి భార్య. ఆమె మాట్లాడితే మైకు అక్కర్లేదు. “పాస్టరుగారు కనుక్కోమన్నరు. గురువారం స్టేజీ మీద తర్జుమాకు నువ్వే నిలబడుతున్నవ్, ఇగ ఖాయం అనుకోవాల్నా? కరపత్రంల సారు పేరుంటే ఉండనీ. సారుకు మతి తప్పుతాందని ఆదివారం నువ్వొచ్చి మాకు చెప్పకపోతే, మేం ఎరుగనే ఎరుగకపోదుం. మంచిపని చేసినవ్ బిడ్డా. సారుకు మాత్రం నువ్వే జర నిదానంగ చెప్పు. ఆయన మనసు నొచ్చుకోవద్దు.”

స్వర్ణ పిండి చేతులతోనే లేవబోయింది. ఇస్రాయేలు సారు ఫోన్‌ను మెల్లగా, ఎంతో జాగ్రత్తగా స్టూలు మీద పెట్టాడు. అటు నుంచి గ్రేసమ్మ హలో హలో అంటూనే ఉంది.

“ఎవరు ఫోన్ల? ఏమంటున్నరు?” వంటింట్లో నుంచి బిక్షమ్మ అడిగింది.

సారు కోడలి వైపు చూడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నలభై ఏళ్లు స్టేజీ మీద పలికిన గొంతుతోనే, నిదానంగా, వంటింటిదాకా వినబడేలా చెప్పాడు.

“పాస్టరమ్మ. గురువారం తర్జుమాకు స్వర్ణ నిలబడుతదంట. కరపత్రంల నా పేరుంటే ఉండనీ అంటాంది. నాకు మతి తప్పుతాందని ఆదివారమే స్వర్ణ పోయి వాళ్లకు చెప్పిందంట, చెప్పకపోతే వాళ్లకు తెల్వనే తెల్వకపోయేదంట. మంచిపని చేసిందంట. నాకు మాత్రం నిదానంగ చెప్పాలెనంట, మనసు నొచ్చుకోవద్దని.”

ఒక్క మాట విడిచిపెట్టలేదు.

బిక్షమ్మ చాయ్ గంటె చేతిలో పట్టుకునే గడపలోకి వచ్చింది. భర్తను చూసింది. పిండి చేతులతో నిలబడిపోయిన కోడలిని చూసింది.

“మా సారు గిది గూడ తప్పే చెప్పిండు గదా బిడ్డా?”